వీధులను పాఠశాలగా చేసిన ఆచార్యుడు

ఒక యూరిలో ఎందరు జనులున్నారో, ఎన్ని ఇండ్లున్నవో, ఎందరికి చదువు వచ్చునో లెక్కించి చెప్పుట ఒక విధమైన జ్ఞానము. ఆ యూరిలోని ఒక మనుష్యుడు ప్రొద్దున లేచి ఏమి కోరుచున్నాడో, దేనికి భయపడుచున్నాడో, పొరుగువానిని ఏ దృష్టితో చూచుచున్నాడో తెలిసికొనుట వేరొక విధమైన జ్ఞానము. మొదటిదానికి లెక్కల పుస్తకము చాలును. రెండవదానికి ఆ మనుష్యుని యొద్ద కూర్చుండవలెను. అతడు చెప్పునది ఓపికతో వినవలెను. విన్నది విన్నట్లు వ్రాయవలెను. ఈ రెండవ విధమైన జ్ఞానసంపాదనకు నేడు గుణాత్మక పరిశోధన యని పేరు. నేడది విశ్వవిద్యాలయములలో గౌరవనీయమైన విద్య. నూరేండ్ల క్రిందట దాని కంతటి గౌరవము లేదు. వీధులలో తిరిగి జనులతో మాటలాడుట పత్రికా విలేఖరుల పని యనియు, పండితుల స్థానము గ్రంథాలయమే యనియు విద్వాంసులలో పెక్కురు తలచెడివారు. ఆ భావమును మార్చిన విద్యాస్థానములలో అమెరికా దేశమందలి చికాగో విశ్వవిద్యాలయము ప్రధానమైనది. అచ్చట ఆ పనికి పూనుకొన్నవారిలో ముఖ్యుడు రాబర్టు ఎజ్రా పార్కు. ఆయన ఒంటరిగా వ్రాసిన గ్రంథములు మిక్కిలి తక్కువ. ఆయన శిష్యుల గ్రంథములతో మాత్రము ఒక బీరువా నిండును. ఉపాధ్యాయులును విద్యార్థులును ఆయన చరిత్రము నెరుగదగుటకు ఇదియే కారణము.

పార్కు 1864 ఫిబ్రవరి 14 వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమందలి హార్వీవిల్ అను చిన్న యూరిలో జన్మించెను. అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము జరుగుచున్న దినము లవి. తండ్రి ఆ యుద్ధమున ఉత్తరసేనలో సైనికుడు. పిమ్మట కుటుంబము మిన్నెసోటా రాష్ట్రమునకు తరలిపోయి, మిసిసిపీ నదీతీరమందలి రెడ్‌వింగ్ పట్టణమున స్థిరపడెను. తండ్రి అచ్చట వర్తకము చేసి ధనము గడించెను. నార్వే, స్వీడన్ దేశముల నుండి వలసవచ్చిన కుటుంబములు ఆ పట్టణమున విస్తారముగా నుండెను. పార్కు బాల్యస్నేహితులలో పలువురు ఆ కుటుంబముల పిల్లలే. భాషయు ఆచారమును వేరైన వారి నడుమ పెరుగుట చేత, మనుష్యులు ఒకచోటు విడిచి మరొకచోట వేరూనుట ఎట్టిదో చిన్ననాడే ఆయన కంటబడెను.

పెరిగి పెద్దవాడై పార్కు మిచిగన్ విశ్వవిద్యాలయమున చేరి 1887లో పట్టభద్రుడయ్యెను. అచ్చట జాన్ డ్యూయీ యను యువ తత్త్వవేత్త ఆయనకు గురువు. విద్యను గూర్చియు ప్రజాస్వామ్యమును గూర్చియు డ్యూయీ చేసిన రచనలు పిమ్మట లోకప్రసిద్ధము లాయెను; ఉపాధ్యాయ శిక్షణ పొందినవారిలో ఆ పేరు విననివా రరుదు. తత్త్వవిచారము పండితుల గదిలో ముగియరాదనియు, అది జనజీవితమున కుపకరింపవలెననియు డ్యూయీ బోధించెను. ఆ బోధ శిష్యుని మనస్సున గాఢముగా నాటుకొనెను.

పట్టము పుచ్చుకొన్న పార్కు ఉన్నత విద్యకు పోలేదు; వార్తాపత్రికలో చేరెను. 1887 నుండి 1898 వరకు మిన్నియాపొలిస్, డిట్రాయిట్, డెన్వర్, న్యూయార్కు, చికాగో నగరములలో విలేఖరిగను సంపాదకుడుగను పనిచేసెను. పోలీసు న్యాయస్థానములు, జూదశాలలు, మురికివాడలు, కార్మికుల నివాసములు ఆయన దినచర్యలో భాగములు. ఎన్ని వీధులు తిరిగినను తనివి తీరని కాళ్లు ఆయనవి. అయినను ఒక సందేహము ఆయనను వదలలేదు. నేరము నేటి పత్రికలో నొక వార్త. రేపు మరొక వార్త దాని స్థానమును పొందును. ఆ నేరము ఆ వాడలోనే మరల మరల ఏల జరుగుచున్నదో ఏ పత్రికయు చెప్పదు. ఈ లోటు తీర్చుటకై డ్యూయీతోను, ఫ్రాంక్లిన్ ఫోర్డు అను పత్రికారచయితతోను కలిసి, దినదినవార్తల వెనుక నున్న సమాజగతిని తెలుపు నొక నూతన పత్రికను 1892లో వెలువరింప తలపెట్టెను. ఆ పత్రిక ఒక్క సంచికయైనను వెలువడలేదు. ప్రయత్నము విఫలమైనను, దాని నుండి పుట్టిన ప్రశ్న మాత్రము ఆయన జీవితమంతయు వెన్నంటి వచ్చెను. 1894లో చిత్రకారిణి యైన క్లారా కేహిల్‌ను ఆయన వివాహమాడెను. వారికి నలుగురు సంతానము.

ముప్పదినాలుగేండ్ల వయస్సున, భార్యాబిడ్డలు గల సంసారి, పత్రికావృత్తిని విడిచి మరల విద్యార్థి యయ్యెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున 1899లో ఎం. ఏ. పట్టము పొందెను. అచ్చట విలియం జేమ్సు అను మనస్తత్త్వవేత్త చేసిన ప్రసంగ మొకటి ఆయన దృష్టినే మార్చివైచెను. ఎదుటివాని జీవితమునకు అర్థ మిచ్చునది ఏదో అది బయటివానికి కానరాదనియు, ఆ గ్రుడ్డితనము మనుష్యులందరికిని సహజమే యనియు జేమ్సు చెప్పిన దానికి తాత్పర్యము. మురికివాడలను పదునొకండేండ్లు చూచివచ్చిన విలేఖరికి ఈ మాట సూటిగా తగిలెను. తాను చూచినది వారి ఇండ్లను మాత్రమే. వారి బ్రదుకు లోపలి వెలుగును తాను చూడనేలేదు.

పిమ్మట కుటుంబముతో జర్మనీకి పోయి బెర్లిన్ నగరమున గెయార్గ్ జిమ్మెల్ ఉపన్యాసములు వినెను. సమాజశాస్త్రమున ఆయన క్రమముగా చదివిన చదువు అంతమాత్రమే. జనసమూహమునకును, ఆలోచించు ప్రజాబాహుళ్యమునకును గల భేదమును గూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాసి హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయము నుండి డాక్టరు పట్టము పొందెను. ఆ వ్యాసము 1904లో అచ్చయ్యెను. ఇన్నేండ్ల శ్రమకు ఫలము ఈ చిన్న పుస్తకమా యని ఆయనకే తృప్తి కలుగలేదు. అప్పటికి వయస్సు నలుబది. చెప్పుకొనదగిన ఉద్యోగము లేదు, పేరు లేదు.

ఆ దినములలో బెల్జియము రాజు లియొపోల్డు పాలన క్రింద ఆఫ్రికాలోని కాంగో దేశమందు రబ్బరు కొరకు జరిగిన ఘోరకృత్యములను లోకమునకు వెల్లడించు నొక సంస్కరణ సంఘమునకు పార్కు కార్యదర్శిగా పనిచేసెను. ఆ పనియే ఆయనను బుకర్ టి. వాషింగ్టన్ యొద్దకు చేర్చెను. వాషింగ్టన్ బానిసగా పుట్టి, స్వయంకృషితో చదివి, అలబామా రాష్ట్రమందలి టస్కిగీలో నల్లజాతి యువకుల కొరకు 1881లో మొదలైన విద్యాలయమునకు ఆదినుండి ప్రధానాచార్యుడై దానిని పెంచిన మహనీయుడు. 1905 నుండి 1912 వరకు పార్కు ఆయన యొద్ద నుండెను. ఆయన కొరకు ఉత్తరములు, వ్యాసములు, గ్రంథభాగములు వ్రాసెను. వానిలో పెక్కు వాషింగ్టన్ పేరనే వెలువడెను. దక్షిణ రాష్ట్రముల పల్లెలలో తిరిగి, ప్రత్తిచేల నడుమ గుడిసెలలో నుండు కౌలుదారుల బ్రదుకు చూచెను. 1910లో వా రిరువురును ఐరోపాఖండమున సంచరించి, అచ్చటి నిరుపేదల స్థితిని అమెరికాలోని నల్లజాతివారి స్థితితో పోల్చి పరిశీలించిరి. దాని ఫలముగా 1912లో ఒక గ్రంథము ప్రకటితమయ్యెను. గ్రంథాలయములలో దొరకని విద్య టస్కిగీలో దొరకినదని పార్కు తుదివరకు భావించెను.

1912లో టస్కిగీలో జరిగిన అంతర్జాతీయ సమావేశమునకు చికాగో విశ్వవిద్యాలయము నుండి విలియం ఐ. థామస్ అను ఆచార్యుడు వచ్చెను. ఇరువురికిని మనసులు కలిసెను. థామస్ ప్రోత్సాహమున పార్కు చికాగోకు చేరి, నల్లజాతివారి జీవితమును గూర్చి పాఠములు చెప్పుటకు మొదలిడెను. అప్పటికి ఆయనకు ఏబది యేండ్లు. ఉద్యోగము తాత్కాలికము, వేతనము స్వల్పము. తండ్రి కూడబెట్టిన ధనము ఆధారముగా నుండుట చేత ఆయన దానిని లక్ష్యపెట్టలేదు. పూర్తి ఆచార్యపదవి లభించునప్పటికి 1923వ సంవత్సరము వచ్చెను.

ఆయన చేరిన నగరమును గూర్చి కొంత చెప్పవలెను. 1840లో చికాగో జనసంఖ్య అయిదు వేలకు లోపు. 1871లో గొప్ప అగ్నిప్రమాదమున నగరములో పెద్దభాగము భస్మమయ్యెను. అయినను 1890 నాటికి అచ్చటి జనసంఖ్య పది లక్షలు దాటెను. 1930 నాటికి ముప్పదిమూడు లక్షలు దాటెను. పోలండు, ఇటలీ, జర్మనీ, ఐర్లండు, రష్యా దేశముల నుండి వలసవచ్చినవారును, దక్షిణ రాష్ట్రముల నుండి తరలివచ్చిన నల్లజాతివారును, రైలుబండ్లపై ఊరూర తిరుగు కూలీలును ఆ నగరమున కిక్కిరిసియుండిరి. అచ్చటి విశ్వవిద్యాలయము రాక్‌ఫెల్లర్ ధనసాహాయ్యమున 1890లో స్థాపితమై 1892లో తరగతులు ప్రారంభించెను. ఆ సంవత్సరమే ఆల్బియన్ స్మాల్ అధ్యక్షతన సమాజశాస్త్ర శాఖ ఏర్పడెను. అమెరికాలో ఆ శాస్త్రమున కేర్పడిన మొదటి ప్రత్యేక శాఖ అదియే. 1895లో ఆ శాఖ యొక పత్రికను కూడ ప్రారంభించెను. ఇట్లు శాఖయు, పత్రికయు, ఎదుట మహానగరమును సిద్ధముగా నుండెను. వానిని కలుపు సూత్రము మాత్రమే కావలసియుండెను.

ఆ సూత్రపు మొదటి కొన థామస్ చేతిలో నుండెను. ఆయన పోలండు రైతులు స్వదేశమునకును అమెరికాకును నడుమ వ్రాసికొన్న ఉత్తరములను సేకరించి, ఫ్లోరియన్ జ్నానియెట్‌స్కీ అను పోలండు పండితునితో కలిసి 1918 నుండి 1920 వరకు అయిదు సంపుటముల గ్రంథమును ప్రకటించెను. ఒక వలసకూలీ స్వహస్తముతో వ్రాసిన ఆత్మకథ దానిలో నొక సంపుటమున ప్రధానవస్తువు. పామరుల ఉత్తరము శాస్త్రమునకు ఆధారమగునని ఆ గ్రంథము నిరూపించెను. కాని 1918లో థామస్‌పై నొక వ్యక్తిగతాపవాదు పత్రికల కెక్కెను. న్యాయస్థానమున నేరము ఋజువు కాకపోయినను విశ్వవిద్యాలయము ఆయనను తొలగించెను. అప్పటికి రెండు సంపుటములను ప్రకటించిన విశ్వవిద్యాలయ ముద్రణాలయము తక్కినవానిని ప్రకటింప నిరాకరించెను. 1921లో వలసవారిని గూర్చి వెలువడిన మరొక గ్రంథమున అధికభాగము థామస్ వ్రాసినదే. అయినను దానిపై అచ్చయిన పేళ్లు పార్కు, హెర్బర్టు మిల్లర్ అనువారివి. 1951లో గాని అది థామస్ పేర మరల అచ్చు కాలేదు. ఇతరుల పేర వ్రాయుటకు అలవాటుపడిన పార్కు, ఇతరుడు వ్రాసినది తన పేర వెలువడుటకు సమ్మతించిన ఈ సందర్భమును ఆయన చరిత్రకారులు మరుగుపరుపలేరు.

థామస్ పోయిన పిమ్మట భారము పార్కుపై పడెను. 1916లో శాఖలో చేరిన ఎర్నెస్టు బర్జెస్ ఆయనకు తోడు. పార్కు ఊహాశాలి, మతిమరపు మనిషి, మొదలిడిన పనిని మధ్యలో విడిచి వేరొకదానికి పరుగెత్తువాడు. బర్జెస్ నిదానస్వభావుడు, క్రమము తప్పనివాడు. ఇరువురును ఒకే గదిలో కూర్చుండి, 1921లో వేయి పుటలకు మించిన సమాజశాస్త్ర ప్రవేశగ్రంథమును సిద్ధపరచిరి. ఆకుపచ్చని అట్ట గల ఆ గ్రంథము ఒక తరము విద్యార్థులకు పాఠ్యపుస్తకమయ్యెను. అంతకు ముందే, 1915లో, నగరజీవితమును గూర్చి పార్కు ప్రకటించిన యొక దీర్ఘవ్యాసము ఈ పరిశోధన కంతకును ప్రణాళిక. అందు ఆయన సిద్ధాంతములకంటె ప్రశ్నలను ఎక్కువగా కూర్చెను. ఒక వాడలో జనులు ఎచ్చటి నుండి వచ్చిరి? ఏ కారణమున నిలిచిరి? పిల్లల నెవరు అదుపులో నుంచుచున్నారు? వృత్తి మనుష్యుని స్వభావము నెట్లు మార్చుచున్నది? ఒక్కొక్క ప్రశ్న ఒక్కొక్క విద్యార్థికి జీవితకాలము సరిపడునంత పని.

ఆయన బోధనావిధానము తెలిసికొనదగినది. క్రొత్త విద్యార్థి వచ్చినచో పార్కు మొదట అతని జీవితమునే అడిగి తెలిసికొనెడివాడు. అతడెక్కడ పుట్టెను, ఏమి పని చేసెను, ఏ జనుల నడుమ పెరిగెను అని గంటల కొలది మాటలాడి, అతని యనుభవము నుండియే పరిశోధనాంశమును వెలికితీసెడివాడు. పిమ్మట విద్యార్థి నగరపటమును ముందుంచుకొని, తాను పరిశీలించు విషయము ఎచ్చటెచ్చట కానవచ్చునో చుక్కలు పెట్టవలెను. ఆ చుక్కలున్న వీధులకు నడచిపోవలెను. అచ్చట వీలైనచో కాపురముండవలెను. జనులు చెప్పిన దానిని వారి మాటలలోనే వ్రాసికొనవలెను. ఉత్తరములు, దినచర్యలు, న్యాయస్థానపు పత్రములు, సంఘముల లెక్కపుస్తకములు సేకరింపవలెను. తాను మంచిచెడ్డలు తీర్పుచెప్పువాడుగా గాని, ఉద్ధరించువాడుగా గాని పోరాదు, తెలిసికొనగోరువాడుగా పోవలెను. వ్రాసినదానిని పార్కు పంక్తి పంక్తియు చదివి, దిద్ది, మరల వ్రాయించెడివాడు. గ్రంథము సిద్ధమైన పిమ్మట దానికి పీఠిక వ్రాసి, విశ్వవిద్యాలయ ముద్రణాలయమున అచ్చు వేయించుటకు తానే పాటుపడెడివాడు.

ఈ విద్య కేవలము కుతూహలము కొరకు కాదని 1919లో చికాగో ప్రజలకు తెలియవచ్చెను. ఆ జూలై 27 వ తేదీన మిచిగన్ సరస్సులో స్నానము చేయుచున్న నల్లజాతి బాలు డొకడు తెల్లవారి వైపు నీటిలోనికి పోయెను. ఒడ్డున నుండి రాళ్లు రువ్వగా మునిగి చనిపోయెను. అనంతరము చెలరేగిన దౌర్జన్యములలో 38 మంది మరణించిరి. వారిలో 23 మంది నల్లవారు, 15 మంది తెల్లవారు. అయిదువందలకు మించిన జనులు గాయపడిరి. కారణములు విచారించుటకు నియమితమైన సంఘములో పార్కు శిష్యుడును నల్లజాతివాడును అగు చార్లెస్ జాన్సన్ ముఖ్యకార్యకర్త. గృహవసతి, ఉద్యోగములు, పాఠశాలలు, పత్రికల వార్తలు, ఇరుజాతులవారి భయములు, అపోహలు ఇవన్నియు వివరించు బృహన్నివేదిక 1922లో వెలువడెను. ఎందరు చనిపోయిరను లెక్క పోలీసువారి యొద్ద నుండెను. ఏల చనిపోయిరను ప్రశ్నకు సమాధానము వీధులలో తిరిగి విన్నవారి యొద్ద దొరకెను.

తరువాతి పదేండ్లు ఆ శాఖకు పంటకాలము. 1923లో నెల్స్ ఆండర్సన్ ఊరూర తిరుగు కూలీలను గూర్చి వ్రాసిన గ్రంథముతో ఆ మాల మొదలయ్యెను. ఆండర్సన్ స్వయముగా అట్టి సంచారజీవితము గడపి వచ్చినవాడు. ఆ కూలీలు బసచేయు వీధిలోనే గది అద్దెకు తీసికొని వ్రాసెను. 1927లో ఫ్రెడరిక్ థ్రాషర్ చికాగో బాలుర ముఠాలను 1,313 వరకు పరిశీలించి గ్రంథము వెలువరించెను. 1928లో లూయీ వర్త్ యూదుల వాడను గూర్చియు, 1929లో హార్వీ జోర్బా ధనికుల మేడలును పేదల గదులును ప్రక్కప్రక్కన నున్న యొక నగరభాగమును గూర్చియు వ్రాసిరి. 1930లో క్లిఫర్డ్ షా యొక దొంగతనములు చేయు యువకుని ఆత్మకథను అతని మాటలలోనే ప్రకటించెను. 1932లో ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ చికాగోలోని నల్లజాతి కుటుంబములను గూర్చి గ్రంథము వ్రాసెను; ఆయనయే పిమ్మట 1948లో అమెరికా సమాజశాస్త్ర సంఘమునకు అధ్యక్షుడైన మొదటి నల్లజాతి పండితుడు.

ఇన్ని గ్రంథములు ఒక్కని యుత్సాహముతోనే పుట్టలేదు. ధనము కూడ కావలెను. 1923లో స్థానిక సమాజములను పరిశోధించుటకు విశ్వవిద్యాలయమున నొక సమితి ఏర్పడెను. రాక్‌ఫెల్లర్ కుటుంబపు స్మారకనిధి దానికి సాహాయ్యము చేసెను. నగరమును 75 భాగములుగా విభజించి ఒక్కొక్కదాని చరిత్రయు సేకరించిరి. 1929లో సామాజికశాస్త్రముల పరిశోధనకై ప్రత్యేకభవనము నిర్మితమయ్యెను.

ఆ భవనముతోనే ఒక వివాదము కూడ వెలసెను. 1927లో ఆ శాఖకు విలియం ఆగ్‌బర్న్ అను గణాంకనిపుణుడు వచ్చెను. లెక్కకు అందనిది శాస్త్రము కానేరదని ఆయన విశ్వాసము. కొలువరాని జ్ఞానము అల్పజ్ఞానమే యను భావము గల వాక్యమును ఆ భవనపు గోడపై చెక్కించిరి. జీవితకథలు సేకరించువారు దినదినమును ఆ వాక్యము క్రిందుగా నడచి తమ గదులకు పోవలసివచ్చెను. 1930లో శామ్యూల్ స్టౌఫర్ అను విద్యార్థి ఈ తగవును పరీక్షకు పెట్టెను. మద్యనిషేధమును గూర్చి 238 మంది విద్యార్థుల అభిప్రాయములను ప్రశ్నపత్రముతో నొకసారియు, వారు వ్రాసిన ఆత్మకథలను న్యాయనిర్ణేతలచే చదివించి మరొకసారియు నిర్ణయింపజేసెను. రెండు ఫలితములును మిక్కిలి దగ్గరగా నుండెను. పని త్వరగా ముగియుటకు ప్రశ్నపత్రమే మేలని గణాంకవాదులు సంతోషించిరి. కాని ఒకడు మద్యమునకు అనుకూలుడా ప్రతికూలుడా యని తెలిసికొనుట ఒకటి. అతడట్లెట్లు అయ్యెనో తెలిసికొనుట మరొకటి. రెండవ ప్రశ్నకు ఆత్మకథయే శరణ్యము. లెక్కయు కథయు పరస్పరము తోడ్పడవలెనని బర్జెస్ ఆనాడే వ్రాసెను. నేటికిని వివేకవంతుల మార్గ మదియే.

పార్కు దోషరహితుడని చెప్పుట ఆయన నేర్పిన విద్యకే విరుద్ధము. డబ్ల్యూ. ఇ. బి. డుబాయ్ అను నల్లజాతి పండితుడు 1899లోనే ఫిలడెల్ఫియా నగరమందలి తనవారి జీవితమును ఇల్లిల్లు తిరిగి పరిశీలించి మహాగ్రంథము వ్రాసెను. చికాగోలోనే జేన్ ఆడమ్స్ నెలకొల్పిన హల్‌హౌస్ నివాసినులు 1895లో పేదల వాడలకు పటములు గీచి ప్రకటించిరి. వీరికి రావలసిన గౌరవము చికాగో ఆచార్యుల వలన రాలేదు. సంఘసేవికలను పార్కు చులకనగా చూచెను. జాతులకు పుట్టుకతో వేర్వేరు స్వభావములు గలవని 1921 నాటి పాఠ్యగ్రంథమున వ్రాసిన భాగము నేటి శాస్త్రమునకు సమ్మతము కాదు. భిన్నజాతులు కలిసినచోట స్పర్ధ, సంఘర్షణ, సర్దుబాటు, సమ్మేళనము అను మెట్లు వరుసగా వచ్చునని ఆయన చెప్పిన సిద్ధాంతమును చరిత్ర ధ్రువపరుపలేదు. ఆనాటి పరిశోధకులలో కొందరు తా మెవరో చెప్పకయే జనుల నడుమ చేరి వ్రాసికొనిరి. వినుటకు ముందు అనుమతి పొందవలెనను ధర్మమును తరువాతి తరములు నేర్చికొనవలసివచ్చెను.

1933లో పార్కు చికాగో నుండి విశ్రాంతి తీసికొనెను. ఆ సంవత్సరములలో చీనా, భారతదేశము, ఆఫ్రికా, బ్రెజిల్ మున్నగు దేశములు చూచెను. 1932లో చీనా దేశపు పీకింగు నగరమందలి యెన్‌చింగ్ విశ్వవిద్యాలయమున ఆయన పాఠములు విన్న యువకులలో ఫెయ్ షియావ్‌తుంగ్ ఒకడు. చీనా గ్రామజీవితమును లోకమునకు తెలిపిన పండితు డాయన. 1936 నుండి పార్కు నాష్‌విల్ నగరమందలి ఫిస్క్ విశ్వవిద్యాలయమున నుండెను. నల్లజాతి విద్యార్థుల కొరకు ఏర్పడిన ఆ విద్యాస్థానమున ఆయన శిష్యుడు జాన్సన్ అప్పటికే ఆచార్యుడు. గురువు శిష్యుని నీడన చేరి తుదివరకు పాఠములు చెప్పెను. 1944 ఫిబ్రవరి 7 వ తేదీన, ఎనుబదియవ జన్మదినమునకు వారముదినముల ముందు, ఆయన కన్నుమూసెను. డాక్టరు పట్టపు వ్యాసము కాక ఆయన ఒంటరిగా వ్రాసి ప్రకటించిన గ్రంథ మొక్కటియే: వలసవారి పత్రికలను గూర్చి 1922లో వెలువడినది. చెల్లాచెదరుగా నున్న ఆయన వ్యాసములను శిష్యులే సేకరించి 1950 నుండి 1955 వరకు మూడు సంపుటములుగా ప్రకటించిరి.

గురువు పోయినను పరంపర నిలిచెను. ఎవరెట్ హ్యూస్, హెర్బర్టు బ్లూమర్ ఆ విద్యను తరువాతి తరమునకు అందించిరి. 1943లో బోస్టన్ నగరపు ఇటలీ వాడను గూర్చి విలియం ఫూట్ వైట్ ప్రకటించిన గ్రంథమును చికాగో విశ్వవిద్యాలయము డాక్టరు పట్టమునకు అంగీకరించెను. అచ్చటనే చదివిన హోవార్డ్ బెకర్, ఎర్వింగ్ గాఫ్‌మన్ మున్నగువారు ఆ మార్గమున ప్రసిద్ధికెక్కిరి. వైద్యశాలలలోను, పాఠశాలలలోను నేడు జరుగుచున్న గుణాత్మక పరిశోధనలకు పునాదిగా నున్న 1967 నాటి పద్ధతిగ్రంథమును రచించిన ఇరువురిలో ఆన్సెల్మ్ స్ట్రాస్ చికాగో పట్టభద్రుడే.

ఈ పరంపరలో నొక పాయ మన తెలుగునేలను కూడ తాకినది. పార్కు అల్లుడు రాబర్టు రెడ్‌ఫీల్డు మామగారి ప్రోత్సాహమున న్యాయవాదవృత్తిని విడిచి, గ్రామములను పరిశీలించు మానవశాస్త్రజ్ఞు డయ్యెను. చికాగోలో ఆయన 1954లో మిల్టన్ సింగర్‌తో కలిసి నడపిన సదస్సు నుండి భారతగ్రామములను గూర్చిన వ్యాససంపుటము 1955లో వెలువడెను. ఆ సంవత్సరమే ఉస్మానియా విశ్వవిద్యాలయమందు పనిచేసిన శ్యామాచరణ దూబే హైదరాబాదునకు సమీపమందలి శామీర్‌పేట గ్రామమును గూర్చి తన ప్రసిద్ధగ్రంథమును ప్రకటించెను. దానికి తొలిపలుకు వ్రాసిన మోరిస్ ఓప్లర్ చికాగో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందినవాడు. శామీర్‌పేటలోని కులములు, పండుగలు, వ్యవసాయము, కుటుంబకలహములు ఆ గ్రంథమున చదివినవారికి, మన ప్రక్క యూరు కూడ శాస్త్రమునకు తగిన వస్తువే యని తెలియును.

పార్కు చరిత్రమున ఉపాధ్యాయునికి చేరవలసిన సారాంశ మొకటి కలదు. ఏబదియేండ్ల వరకు ఆయన ఏమి సాధించినట్లును లోకమునకు కానరాలేదు. పత్రికలో పనిచేసిన యేండ్లు, జర్మనీలో చదివిన యేండ్లు, టస్కిగీలో ఇతరుల పేర వ్రాసిన యేండ్లు వ్యర్థములని ఎవరైనను అనుకొనియుందురు. ఆ యేండ్లన్నియు కలిసి ఒక గురువును తయారుచేసినవి. శిష్యుని కన్నులతో శిష్యుడే చూచునట్లు చేసి, వాని వ్రాత దిద్ది, వాని పేరు ముందుంచి, తాను పీఠికలో నొదిగియుండిన గురువు ఆయన. మన బడులలో చదువు పిల్లల వెనుక ఒక్కొక్క వీధియు, ఒక్కొక్క వృత్తియు, ఒక్కొక్క వలసకథయు కలదు. నేతవాని ఇంట పుట్టిన పిల్లవానిచే తన తాత మగ్గమును గూర్చి వ్రాయించిన ఉపాధ్యాయుడు, పొట్టకూటికై దూరదేశమేగిన తండ్రి ఉత్తరములను భద్రపరచుకొమ్మని బాలికకు చెప్పిన పంతులమ్మ, చికాగోలో నూరేండ్ల క్రిందట మొదలైన పనినే చేయుచున్నారు. దానికి భవనములును నిధులును పిమ్మట రావచ్చును. ముందుగా కావలసినది వినుటకు ఓపిక.